వీపు వెనక చూపిన చెయ్యి

మా ఆడపడుచు పోయిన సంగతి పేపర్లో వచ్చింది. జిల్లా పేజీల్లో, ఒక ఫంక్షన్ హాలు ప్రకటన పక్కన, 'నాటి టెన్నిస్ డబుల్స్ క్రీడాకారిణి కన్నుమూత' అని వేశారు. కింద ఫొటో. ఫొటోలో ఉన్నది మా ఆడపడుచు కాదు. ఆమెతో జోడీగా ఆడిన బందరు అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఆవిడకీ అరవై దాటాయి.

పేపరు వాళ్ళను పూర్తిగా అనడానికి లేదు. ఇద్దరూ చెరో పిడీ పట్టుకుని ఒక కప్పు ఎత్తుతున్న పాత ఫొటో మా అబ్బాయి పంపించాడు. 'ఎడమవైపు ఉన్నది మా మేనత్త' అని రాశాడు. చూసేవాళ్ళకు ఎడమా, వాళ్ళకు ఎడమా అన్నది రాయలేదు. బ్యాంకులో మేనేజరు వాడు. ఫారంలో ఇలాంటి తప్పుంటే జనాన్ని వెనక్కి తిప్పి పంపే మనిషి. పేపరాఫీసులో ఎవరో కత్తెర వేసి, బతికున్న సగాన్ని అచ్చేసి, పోయిన సగాన్ని పక్కన పడేశారు.

పొద్దున్న ఎనిమిదింటికి బందరు నుంచి ఫోను.

"వదినగారూ, నేను పోయానంటండీ."

"చూశాను. ఫొటోలో బాగానే ఉన్నావు."

"మా ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర ముగ్గురు దండలు పట్టుకుని నిలబడ్డారండి. గేటు నేనే తీశా. ఇద్దరు పారిపోయారు. ఒకాయన మాత్రం తెచ్చిన దండ నా చేతిలోనే పెట్టి, 'ఏం అనుకోకమ్మా' అని వెళ్ళాడు."

ఇద్దరం నవ్వాం. ముందురోజు దహనానికి ఆవిడ వచ్చింది. చివరిదాకా నిలబడి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

"ఆ దండ ఏం చేశావు?" అన్నాను.

"ఐసులో పెట్టానండి. పదకొండో రోజుకి తెస్తాను."

ఇలాంటి వ్యాసం రాసేవాళ్ళు కన్నీళ్ళతో కాగితం తడిసిందని రాస్తారు. నాకు కన్నీళ్ళు రాలేదు. శుక్లాల ఆపరేషన్ చేసిన డాక్టరు రోజుకు నాలుగుసార్లు వేసుకోమన్న చుక్కలు ఉన్నాయి, అవే కారుతున్నాయి. పొద్దున్నే లేస్తున్నాను. రెండు గ్లాసుల కాఫీ కలుపుతున్నాను. ఒకటి సింకులో పోస్తున్నాను. బాధగా ఉందా అని అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో తెలియక, కాలు తిమ్మిరెక్కినట్టుంది అని చెబుతున్నాను. మోకాళ్ళ నొప్పి గురించి అనుకుని నూనె పేర్లు చెబుతున్నారు.

అయితే ఒక్క సంగతి మాత్రం ఆ తిమ్మిరిలోనూ గుచ్చుకుంటోంది. పోయే ముందు ఆమె నన్ను ఒకటి అడిగింది. నోటితో కాదు, చేత్తో. నేను జవాబివ్వలేదు. చూసీ ఇవ్వలేదు. మా అబ్బాయికి కూడా చెప్పని ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. దానికి ముందు కొంచెం టెన్నిస్ చెప్పక తప్పదు. భయపడకండి, స్కోరు లెక్కించే పద్ధతి జోలికి పోను. పదిహేను, ముప్పై తర్వాత నలభై ఎందుకొస్తుందో ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పిన నాకే తెలియదు. లెక్కల మాస్టారైన మా మామగారు ఆ నలభైని చివరిదాకా క్షమించలేదు.

నేను కోడలిగా చల్లపల్లి వెళ్ళేనాటికి ఆమెకు పదేళ్ళు. మామగారు పనిచేసే హైస్కూలు వెనక గోడకి పొద్దస్తమానం బంతి కొట్టేది. ఎవరో ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ వదిలేసిన రాకెట్టు అది, పిల్ల కంటే కొంచెం పొట్టి. ఆ గోడకి సున్నం నిలిచేది కాదు. గుండ్రంగా ఒక్కచోట ఇటుకలు బయటపడి ఉండేవి. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మామగారు ఆ చోట దేశపటం వేలాడదీసేవారు.

కాపురానికి వచ్చిన రెండో రోజు నా దగ్గరికి వచ్చి, "వదినా, నీకు బంతి విసరడం వచ్చా?" అంది.

"రాదు."

"మరి ఎందుకొచ్చావు?"

విసరడం నేర్చుకున్నాను. పెరట్లో తులసికోట ఇవతల నేను, అవతల ఆమె. మా ఆయన చదువుకుంటున్న గది కిటికీ అద్దాలు రెండు పోయాయి. రెండూ నేను విసిరినవే. ఆ తప్పు ఆమె తన మీద వేసుకుంది.

సింగిల్స్ ఆమెకు రాలేదు. ఈ మాట ఆమె బతికుండగా కూడా మొహం మీదే అనేదాన్ని. ఒంటరిగా ఆడితే ఎంత త్వరగా ఓడిపోయేదంటే, స్నానానికి నీళ్ళు కాగేలోపు ఇంటికి వచ్చేది. గోడ అవతల ఎవరూ లేనప్పుడు బాగా కొట్టేది, నెట్ అవతల మనిషి కనబడగానే ఎటు కొట్టాలా అని ఆలోచించేది. ఆలోచించేలోపు పాయింటు పోయేది.

బందరులో జిల్లా పోటీలకు వెళ్ళినప్పుడు, సింగిల్స్‌లో తన లాగే మొదటి ఆటలోనే ఓడిపోయి, చెట్టు కింద ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తింటున్న ఇంకో పిల్ల కనపడిందట. పొడుగ్గా ఉంది, చేతులు గట్టివి. వాళ్ళ నాన్న గిలకలదిండి నుంచి పడవ మీద వేటకు వెళ్తాడు. స్కూల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడే పిల్లను వాళ్ళ డ్రిల్లు మాస్టారు పట్టుకొచ్చి టెన్నిస్‌లో నిలబెట్టాడు. డబుల్స్‌కి ఎవరికీ జోడీ కాకుండా మిగిలింది వీళ్ళిద్దరే. ఆ సాయంత్రానికి జిల్లా కప్పు గెలిచారు.

"డబుల్సా?" అన్నారు మామగారు. "అంటే పక్కవాళ్ళ పేపరు చూసి రాయడమేగా."

"చూసి రాయడం కాదు నాన్నా. ఇద్దరికీ ఒకటే పేపరు, ఒకటే పెన్ను," అంది ఆమె.

ఆ పిల్ల మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గుర్తుండకపోతే బాగుండేది. మా అత్తగారు కిటికీ గూట్లో అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు ఒకటి విడిగా ఉంచేవారు, ఫలానా వాళ్ళకని. ఆ గ్లాసులో నీళ్ళు పోసి ఆ పిల్లకు ఇచ్చింది మా అత్తగారు కాదు, నేను. ఎమ్మెస్సీ చదివిన నేను. ఆ పిల్ల పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగి, కడిగి, తిరిగి గూట్లోనే పెట్టింది. ఎవరూ చెప్పకుండానే ఎక్కడ పెట్టాలో తెలిసిన పిల్ల.

మా ఆడపడుచు అంతా చూసింది. మర్నాడు పొద్దున ఆ గ్లాసు తీసి, అందులో కాఫీ పోయించుకుని తాగింది. ఆ తర్వాత ఇంకో గ్లాసు ముట్టలేదు. మా అత్తగారికి దిక్కు తోచలేదు. కూతురు తాగుతున్న గ్లాసు, కిటికీ గూట్లో పెట్టాలా, వంటింట్లో పెట్టాలా? వారం రోజులు ఆ గ్లాసు మజ్జిగ చెంబు మీద మూతగా తిరిగి, చివరికి వంటింట్లోకి వచ్చేసింది.

ఆటలో చేసుకునే సైగలు నాకు వాళ్ళిద్దరూ కలిసి పెరట్లో నేర్పారు. డబుల్స్‌లో ఒకరు వెనక నిలబడి సర్వీసు చేస్తారు. రెండోవాళ్ళు ముందు, నెట్ దగ్గర, అటు తిరిగి నిలబడతారు. మా వాళ్ళలో వెనక బందరు పిల్ల, ముందు మా పిల్ల. సర్వీసుకు ముందు మా పిల్ల నడుం వెనక చెయ్యి పెట్టి చూపేది. అవతలి వాళ్ళకు కనబడదు. పిడికిలి మూస్తే, నేను ఇక్కడే ఉంటాను అని. అయిదు వేళ్ళూ విప్పితే, నేను అటు దాటుతున్నాను, ఖాళీ అయిన నా చోటు నువ్వు చూసుకో అని. చూసినవాళ్ళు 'ఊఁ' అనాలి. ముందున్న మనిషి వెనక్కి తిరగదు కాబట్టి, చూశావని ఆమెకు తెలియాలంటే ఆ 'ఊఁ' ఒక్కటే ఆధారం.

"తిరిగి చూస్తే ఏం పోయింది?" అని అడిగాను.

"దాని మీద నాకు నమ్మకం లేదనుకుంటుంది," అంది మా పిల్ల.

"నమ్మకం సంగతి తర్వాతండి, బంతి మొహానికి తగులుద్ది," అంది బందరు పిల్ల.

వీపుకి ఎటూ తగిలేది. జాకెట్టు విప్పితే వీపంతా దాని సర్వీసులేనని ఆమె వేళాకోళం.

వాళ్ళ ఆట గురించి పెద్దగా చెప్పుకోవడం ఆమెకు నచ్చేది కాదు. దేశంలో కప్పులు గెలిచారు. తర్వాత పది పన్నెండేళ్ళు అదే వృత్తిగా బతికారు. ఎండాకాలం ఒక దేశంలో, చలికాలం ఇంకో దేశంలో, చిన్న చిన్న పోటీలు, చవక గదులు. నీళ్ళు కాచే కరెంటు కాయిలు బకెట్లో వేసి అన్నం వండుకునేవారట. ఒక విమానాశ్రయంలో బందరు పిల్ల సంచిలో ఎండు రొయ్యల పొట్లం దొరికింది. ఇదేమిటని అధికారి అడిగితే, జన్మలో నీచు ముట్టని మా ఆడపడుచు ముందుకొచ్చి, "మోకాళ్ళ మందు" అని ఇంగ్లీషులో చెప్పి, నమ్మకం కలగడానికి ఒకటి నోట్లో వేసుకుని నమిలిందట. మా అత్తగారు పోయాకే ఈ కథ ఇంట్లో చెప్పింది.

గెలిచిన కప్పు ఎప్పుడూ ఒకటే ఇచ్చేవారు, మనుషులు ఇద్దరు. అందుకని ఆరు నెలలు చల్లపల్లిలో, ఆరు నెలలు బందరులో. బస్సు డ్రైవరు పక్కన పెట్టి పంపేవారు. బందరు నుంచి వచ్చిన కప్పులో ఒక్కోసారి సముద్రపు ఇసుక ఉండేది.

ఒకసారి అందరికీ తెలిసిన పెద్ద పోటీలో, ఎవరూ చూడని చివరి కోర్టులో, రెండు రౌండ్లు గెలిచి మూడోదాంట్లో ఓడారు. ఇంటికొచ్చిన రోజు మామగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు, "ఇంతకీ ఓడింది మీ ఇద్దరిలో ఎవరి వల్ల?"

"తెలీదు నాన్నా. తెలిస్తే ఇంక కలిసి ఆడలేం."

మామగారు కళ్ళజోడు పెట్టుకుని, ఆ రోజుకి ఇంకేమీ అడగలేదు. ఆయన దగ్గర అది పూర్తి మార్కులు వచ్చినట్టు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆమెకు ఇరవై ఆరేళ్ళప్పుడు, ఆటగాళ్ళను ఎంపిక చేసే పెద్దమనుషులు ఉత్తరం రాశారు. బందరు అమ్మాయిని వదిలి, మంచి ర్యాంకున్న ఇంకో అమ్మాయితో ఆడితే దేశం జట్టులో చోటు ఖాయమని. అప్పటికి నేనూ మా ఆయనా విజయవాడ వచ్చేశాం. ఆ ఉత్తరం పట్టుకుని ఆమె నా దగ్గరికి వచ్చింది. నేను హాల్లో నేల మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పేపర్లు దిద్దేటప్పుడు నాకో రోగం ఉండేది. ఎవరేం అడిగినా వినకుండా 'ఊఁ' అనడం. పాలవాడు రేటు పెంచుతానన్నా ఊఁ, మా అబ్బాయి స్కూలు మానేస్తానన్నా ఊఁ.

"వదినా, దాన్ని వదిలేసి ఈ అమ్మాయితో ఆడనా?" అని అడిగిందట.

"ఊఁ," అన్నానట.

ఆమె వెళ్ళింది. నా 'ఊఁ' మీద నమ్మకంతో వెళ్ళింది. ఆమె ప్రపంచంలో ఆ మాటను ఎవరూ ఊరికే అనరు.

కొత్త జోడీతో మొదటి ఆట. నెట్ దగ్గర నిలబడి నడుం వెనక అయిదు వేళ్ళూ విప్పి చూపింది. వెనక నుంచి 'ఊఁ' రాలేదు. ఆ అమ్మాయికి మాట్లాడే అలవాటు లేదు, చూసి ఊరుకుంటుంది. మా ఆడపడుచు మళ్ళీ చూపింది. మూడోసారి చూపింది. ఆలస్యం చేస్తున్నావని అంపైరు మందలించాడు. బంతి వచ్చింది, పోయింది, ఆమె కాళ్ళు కదల్లేదు. ఆట మొత్తం అలాగే. ఆ ఏడాది ఎక్కడికి వెళ్ళినా మొదటి ఆటకే ఇంటిదారి.

తిరిగొచ్చాక ఇంటికి రాకుండా నేరుగా బందరు బస్సెక్కింది. అప్పటికి ఆ అమ్మాయి రాకెట్టు అటక మీద పడేసి, వాళ్ళ నాన్నతో చేపల వేలం పాటలో కూర్చుంటోంది. వేలం మధ్యలో, గంపల మధ్య, చేపలు కొనేవాళ్ళందరి ముందూ మా ఆడపడుచు వెళ్ళి, ఆ అమ్మాయికి వీపు పెట్టి నిలబడింది. నడుం వెనక చెయ్యి పెట్టి పిడికిలి మూసింది.

చాలాసేపు ఏ మాటా రాలేదట. పిడికిలి అలాగే పట్టుకుని నిలబడిందట. ఎవరో గంపతో ఆమెను పక్కకు నెట్టారు. మళ్ళీ వచ్చి అక్కడే నిలబడి, అదే పిడికిలి.

"ఊఁ," అంది చివరికి బందరు అమ్మాయి. "ముందు ఆ గంప దాటి ఇవతలికి రా, చీర పాడవుద్ది."

తర్వాత ఏడేళ్ళు ఆడారు. ఈ కథ నాకు చెప్పిన రోజు, నేను అన్న 'ఊఁ' సంగతి కూడా చెప్పింది. నాకు గుర్తే లేదన్నాను. "నాకు తెలుసులే," అంది. కోపంగా కాదు. అదే ఇబ్బంది. ఆ రోజు నుంచి వినకుండా 'ఊఁ' అనడం మానేశాను. కొన్నాళ్ళకు విని కూడా మానేశాను. అవునంటే అవును, కాదంటే కాదు, లేకపోతే నోరు మూసుకోవడం.

మోకాలు అరిగి ఆట మానేశాక ఆమె గుణదలలో, కాలవ పక్కన ఒక అద్దె కోర్టు తీసుకుని పిల్లలకు నేర్పింది. మైలవరం నుంచి లారీ ఎర్రమట్టి తెప్పించి, దగ్గరుండి రోలరు లాగించేది. మేరీమాత తిరునాళ్ళ రోజుల్లో కొండకు వెళ్ళే జనం నీడ కోసం ఆ కోర్టులోకి వచ్చి కూర్చుంటే, వాళ్ళకు మంచినీళ్ళిచ్చేది గానీ, చెప్పులతో గీత తొక్కనిచ్చేది కాదు.

పిల్లలకు ముందు డబుల్సే నేర్పేది. తల్లిదండ్రులు వచ్చి గొడవ. ఒకాయన నా ముందే అడిగాడు.

"మేడమ్, మావాడికి సింగిల్స్ నేర్పండి. ర్యాంకు రావాలి కదా."

"పక్కవాడితో కలిసి నిలబడ్డం రానీండి సార్, తర్వాత చూద్దాం."

"అదెందుకండీ మావాడికి? ర్యాంకు ఇద్దరికీ కలిపి ఇవ్వరు కదా."

"అవునండీ. ఈ ఊళ్ళో ఇవ్వరు," అంది ఆమె. అంత మర్యాదగా ఆమె ఇంకెవరినీ తిట్టగా నేను వినలేదు.

పిల్లలకు ఆమె చెప్పేది ఒక్కటే. ఇద్దరి మధ్యలో పడ్డ బంతికి ఇద్దరూ పరిగెడితే రాకెట్లు విరుగుతాయి, ఇద్దరూ ఆగితే పాయింటు పోతుంది. తప్పో ఒప్పో, ఎవరో ఒకరు అరవాలి.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు రకరకాల జవాబులు చెప్పేది, ఒక్కటీ నిజం కాదు. మా ఆయన చనిపోయిన నెల రోజులకు, ఒక సూట్‌కేసూ ఆరు రాకెట్లూ పట్టుకుని మొగల్రాజపురంలో మా ఫ్లాటుకి వచ్చింది. "ఎన్నాళ్ళుంటావు?" అని అడిగాను. చుట్టం చూపుగా వచ్చిందనుకున్నాను. అటు తిరిగి పిడికిలి చూపి, చెప్పులు విప్పుకుని లోపలికి వెళ్ళింది. పదకొండేళ్ళు ఉంది.

ఇద్దరం రోజూ పోట్లాడుకున్నాం. ఆమె పెట్టే ఫ్యాను స్పీడుకి నాకు జలుబు, నేను పెట్టే ఉప్పుకి ఆమెకు బీపీ. కానీ పెళ్ళిళ్ళకు వెళ్తే మాత్రం మేం జట్టు. "ఏమిటే, మీ వదిన అంత చిక్కిపోయిందేం, కొడుకు చూడట్లేదా?" అని ఎవరైనా పెద్దావిడ మొదలుపెడితే, ఆమె నాకు అడ్డంగా వచ్చి నిలబడేది. వీపు వెనక అయిదు వేళ్ళూ విచ్చుకునేవి. ఆవిడను తను చూసుకుంటుంది, నేను అటునుంచి భోజనాల వైపు జారుకోవచ్చు. నేను 'ఊఁ' అనేదాన్ని కాదు. భుజం మీద చిన్నగా తట్టేదాన్ని. అదీ ఒప్పుకుంది పాపం, నా కోసం నియమం సడలించి.

జబ్బు సంగతి ఎక్కువ రాయను. ఆమెకు నచ్చదు. మూడు నెలలన్నారు డాక్టర్లు, నాలుగు ఉంది. ఆస్పత్రి వద్దంది. చివరి వారం ఒక్కవైపే పడుకోగలిగేది, మొహం గోడ వైపు, వీపు నా వైపు. నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని, పేపర్లో గళ్ళనుడి నింపుతూ కూర్చునేదాన్ని. నిలువు ఇరవై, నాలుగక్షరాలు అని పైకి చదివేదాన్ని. మొదట్లో గోడకేసి చూస్తూనే జవాబు చెప్పేది. తర్వాత తర్వాత చెప్పలేదు. నేను చదవడం మానలేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూర్చున్నాను. బయట పాత ఇనుము కొనేవాడి మైకు. ఆమె చెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చింది. నెమ్మదిగా వెనక్కి, నడుం మీదికి వచ్చింది. అరచెయ్యి నా వైపు. అయిదు వేళ్ళూ విచ్చుకున్నాయి.

దురద పుడుతోందేమో అనుకున్నాను. దుప్పటి తీయమంటోందేమో అనుకున్నాను. అసలు సంగతి కూడా అనుకున్నాను, అబద్ధం ఎందుకు? భుజం తట్టవచ్చు. ఒక్క అక్షరం అనవచ్చు. 'ఊఁ' అంటే వెళ్ళమన్నట్టేగా. ఒకసారి అనకూడని చోట అని ఆమెను పంపించినదాన్ని. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత మంచం మీదికి వాలింది. ఇనుము వాడు వీధి చివరికి వెళ్ళేసరికి ఊపిరి కూడా లేదు.

నెట్ దగ్గర నిలబడి, ఎదురు చూసి, 'ఊఁ' వినకుండానే కదిలిందా ఆమె? కాళ్ళు కదలని ఆ ఏడాది లాగా, గోడకేసి చూస్తూ ఎదురు చూసిందా? ఈ పదకొండు రోజులూ నాకు ఇదే. దీనికి జవాబు తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆవిడ బందరులో ఉంది. ఫోన్లో అడగడానికి నోరు రాలేదు.

పదకొండో రోజు ఆవిడ వచ్చింది. చేతిలో థర్మాకోల్ పెట్టె, చేపలు పంపేలాంటిది. అందులో దండ. మంచు పట్టి గట్టిగా ఉంది. ఫొటోకి వేశాక నీళ్ళు కారి గోడంతా తడిసింది. మా అబ్బాయి గుడ్డ తెచ్చి తుడవబోతే, "కారనీ బాబూ, ఎంతసేపు కారుద్ది," అంది.

చుట్టాలు భోజనాలకు లేచాక వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది.

"దాహం అవుతోందండి. నా గ్లాసేదీ?"

నలభై ఏళ్ళకు పైగా మా ఆడపడుచు తాగిన గ్లాసు, అంచున అదే సొట్ట. దాన్నిండా నీళ్ళు పోసి ఇచ్చాను. ఈసారి ఎత్తి పోసుకోలేదు. అంచు పెదవికి ఆనించి సగం తాగి, గట్టు మీద పెట్టింది. మిగతా సగం నేను తాగాను.

అప్పుడు అడిగాను. చెయ్యి సంగతి, నేను నోరు తెరవని సంగతి, అన్నీ వరసగా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపి అడిగింది.

"ఏ చెయ్యండి?"

"ఎడమ చెయ్యి."

"మరి అదే. కుడిచేతిలో రాకెట్టు ఉంటది కదా." పీట నా వైపు జరుపుకుంది. "మళ్ళీ చూపిచ్చిందా?"

"లేదు. ఒక్కసారే."

"వేళ్ళు ఇట్టా ఆడించిందా, తిట్టినట్టు?"

"లేదు."

"అయితే మీరు ఊఁ అన్నట్టేనండి."

"అనలేదని చెబుతున్నానుగా."

"అనకపోతే అది ఊరుకునే రకమా వదినగారూ? రెండోసారి చూపిస్తది. మూడోసారి చూపిస్తది. అంపైరు అరిచినా చూపిస్తది. చేపల మార్కెట్లో జనం తోసేసినా మళ్ళీ వచ్చి చూపిచ్చింది కదండీ. ఒక్కసారి చూపి చెయ్యి దించేసిందంటే దానికి ఊఁ వినపడ్డట్టే. మీరు ఎట్టా అన్నారో, దానికి ఎట్టా వినపడిందో మనకెందుకు?"

ఇది ఆటలో నిజంగా ఉన్న నియమమో, నా మీదికి వస్తున్న బంతికి ఆవిడ అడ్డం వచ్చి కొట్టిన దెబ్బో, నాకు తెలియదు. ఫిజిక్సులో ఇలాంటి రుజువుకి నేను మార్కులు వెయ్యను. కానీ ఆ పూట అన్నం మాత్రం తిన్నాను, పక్కన కూర్చుని ఆవిడ వడ్డిస్తే.

నాలుగు గంటలకు బయల్దేరింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. రైలింగు పట్టుకుని ఆవిడ వెంట కింది దాకా దిగాను. గేటు బయట ఆటో ఆగి ఉంది, బస్టాండుకి. ఖాళీ పెట్టె చంకలో పెట్టుకుని ముందు నడుస్తోంది. ఆటో దగ్గర ఆగింది. నా వైపు తిరగలేదు. ఎడమ చెయ్యి వెనక్కి వచ్చింది, నడుం మీదికి. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుని పిడికిలి అయ్యాయి.

బందరు బస్సుకి వెళ్తున్న మనిషి ఎక్కడికీ వెళ్ళనంటోంది. ఆటో అతను ఎక్కమ్మా అన్నాడు. ఆవిడ కదల్లేదు. పిడికిలి తీయలేదు. ఎండ ఆ వీపు మీద పడుతోంది.

"ఊఁ," అన్నాను, వీధిలో అందరికీ వినపడేలా.